సోమవారం అడిగిన మాట

ఇంగ్లండు సముద్రతీరాన మోర్కం ఊళ్ళో అరవై దాటినవాళ్ళు ఏవిస్‌ను చూస్తే ఇప్పటికీ ఒకటే మాట అంటారు: "టీ చల్లారిపోతోంది, విల్ఫ్!" అరవై లోపువాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఏదో ముసలి గొంతు ఆ మాట విసురుతుంది. ముందున్న కుర్రాడు, ఎవడ్రా ఈ పిచ్చోడు అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తాడు. ఏవిస్ తల కొంచెం వంచి ఒక నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వు ఎప్పుడో కుట్టించుకున్న కోటులాంటిది. బయటికి వెళ్ళేటప్పుడు తొడుక్కుంటుంది, ఇంటికి రాగానే మేకుకు తగిలిస్తుంది.

వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో, లండన్ స్టూడియోలో ఆమె ఆడిన హాస్య నాటకంలోది ఆ మాట. నాటకం పేరు "ముందు గది". ముందు గదంటే ఇళ్ళల్లో ఏడాది పొడుగునా తలుపు వేసి ఉంచేది, శవం లేచినప్పుడో, క్రిస్మస్‌కో, ఇంటి ఆడపిల్ల కోసం కుర్రాడు వచ్చినప్పుడో మాత్రం చలి కాచుకునే పొయ్యి రాజేసేది. ఆ గదిలో మ్యాడ్జ్, విల్ఫ్ అని ఒక జంట. ఏవిస్ మ్యాడ్జ్. రోలాండ్ ఫిష్‌విక్ అనే ఆయన విల్ఫ్. వారం వారం విల్ఫ్ గొంతు సవరించుకుని "మ్యాడ్జూ, నిన్నొక మాట అడగాలి" అంటాడు. పెళ్లి మాటే అడుగుతాడని గదిలో చిలక్కి కూడా తెలుసు. కానీ ఆ మాట పూర్తవదు. మ్యాడ్జ్ బామ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ లోపలికొస్తుంది, లేదా పొయ్యిలోంచి బొగ్గు ఎగిరిపడుతుంది, ఏదీ లేకపోతే మ్యాడ్జే "టీ చల్లారిపోతోంది, విల్ఫ్" అంటుంది. అంతే నాటకం. అంత మాత్రానికే జనం ఇరుగుపొరుగు టీవీల ముందు కూలబడి పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఆడవాళ్ళు పాపం, టీ చల్లారకుండా ఉండాలని టీపాట్ మీద కప్పే ఊలు టోపీలు అల్లి స్టూడియోకి పంపేవారు. గోనెసంచులకొద్దీ వచ్చాయి. ఇప్పటికీ ఏవిస్ ఇంట్లో టీపాట్ మీద ఉన్నది వాటిలో ఒకటి. ఎవరల్లారో తెలియదు, ఒక చెవి చిన్నది, ఒక చెవి పెద్దది.

ఆ నాటకం మరి ఎక్కడా లేదు. అప్పట్లో ఆడింది ఆడినట్టే గాల్లో కలిసిపోయేది. దాచినవి ఏవైనా ఉంటే తరవాత ఎవరో ఖాళీ చోటు కోసం పారేశారు. ఏవిస్ దానికి బాధపడిందా అంటే, లేదు. నార్మన్‌ను పెళ్లాడింది, అతని ఇనుప సామాన్ల కొట్లో మేకులూ మడతబందులూ తూచి అమ్మింది, పిల్లల్లేరు, నార్మన్ పోయాడు. మొగుడు పోయిన చెల్లెలు ఫ్లోరీ సామానుతో సహా వచ్చి వెనక గదిలో దిగింది. రోజులు జరిగిపోతున్నాయి. తలుపు తట్టినవాళ్ళందరికీ తలుపు తీసేది ఫ్లోరీయే.

ఆ రోజూ ఆవిడే తీసింది.

"ఏవిస్ ఎంట్విసిల్ గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదే. దేవుడి పుస్తకాలు అమ్మడానికైతే, మేం ఇద్దరం రెండు చర్చిలకు వెళ్తున్నాం. ఉన్న దేవుడు చాలు."

"అయ్యో, కాదమ్మా. నా పేరు ప్రెస్కట్. పాత సినిమాల సంఘం మాది. చర్చి హాల్లో శనివారాలు బొమ్మలేస్తుంటాం..."

సన్నగా పొడుగ్గా, గాలికి వంగిన గొడుగులా ఉన్నాడు మనిషి. ముందు గదిలో కూర్చోబెట్టారు. టీపాట్ మీది టోపీని చూడగానే అతని కళ్ళు మెరిశాయి, కానీ మర్యాదకి ఏమీ అనలేదు. రెండు గుక్కలు తాగాక విషయం చెప్పాడు. ఆ రోజుల్లో స్టూడియోలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన ఈ మధ్య లాంకాస్టర్‌లో పోయాడు. ఆయన భార్య తోట షెడ్డు ఖాళీ చేయిస్తుంటే విత్తనాల డబ్బాల వెనక ఒక రేకు డబ్బా దొరికింది. లోపల ఫిల్ము చుట్ట. వేసి చూస్తే "ముందు గది".

"టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి తీసేవాళ్ళండీ అప్పట్లో. బొమ్మ కాస్త మసకే. కానీ మొత్తం ఉంది, మొదట్నించీ చివరిదాకా. మీకు తెలుసో లేదో, దేశం మొత్తంలో మీ నాటకం మిగిలింది ఈ ఒక్కటే."

"ఏ వారంది?" అని అడిగింది ఏవిస్.

"ఈస్టర్ వారందండీ. ఆఖరి భాగం."

ఏవిస్ చేతిలో కప్పు కదల్లేదు. ఫ్లోరీ తనది కింద పెట్టి అక్కకేసి చూసింది.

"సోమవారందా, శుక్రవారందా?"

ప్రెస్కట్ అయోమయంగా చూశాడు. "డబ్బా మీద ఈస్టర్ అనే ఉందండీ. రెండుసార్లు ఆడేవారా?"

"ఇప్పట్లా మళ్లీ వెయ్యడానికి ఏముందప్పుడు? సోమవారం ఆడిందాన్నే శుక్రవారం మళ్లీ నిలబడి ఆడేవాళ్ళం. అదే గది, అదే ముగ్గురం."

"అయితే నాకు తెలీదండీ. మీరొచ్చి చూస్తే మీకే తెలుస్తుంది కదా. వచ్చే శనివారం మధ్యాహ్నం వేస్తున్నాం. మీరు రావాలి. కుర్చీ మొదటి వరసలో ఉంచుతాం. టీ, అల్లం కేకు ఏర్పాట్లు ఆడవాళ్ళ సంఘం చూసుకుంటోంది."

"వస్తాం," అంది ఫ్లోరీ, అక్కని అడక్కుండానే.

అతను వెళ్ళాక ఫ్లోరీ కప్పులు ఎత్తలేదు. ఎదురుగా కూర్చుంది.

"సోమవారందై ఉంటే?" అంది.

"ఉంటే ఉంటుంది."

"నా దగ్గర కూడా నాటకాలాడకే అక్కా. నార్మన్ బావ పోయినప్పుడు వంటింట్లో నువ్వే కదా చెప్పావు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, బావను మట్టిలో పెట్టొచ్చిన రోజున చెప్పావు. నేనింకా పళ్ళేలు తుడుస్తున్నాను, చేతిలోది జారి పగిలింది కూడా."

"పగిలింది గుర్తుంది."

"నేను మొదట్నించీ ఒకటే చెబుతున్నాను. ఆ సోమవారం మేమంతా పక్కింటివాళ్ళ టీవీ ముందే ఉన్నాం. అమ్మ, నేను, వీధిలో సగంమంది. ఆ రోలాండ్ మాట మరిచిపోయాడు. మరిచిపోయి నోటికొచ్చింది అన్నాడు. మా అందరికీ అలానే అనిపించింది. అమ్మ కూడా అంది, పాపం కుర్రాడు తడబడ్డాడు అని."

"మీరు అతని ముఖం చూశారా?"

"చూశాం. తొమ్మిదంగుళాల టీవీ, చుట్టూ జనం. ఎవడి ముఖమైనా ఉడకబెట్టిన బంగాళాదుంపలాగే కనిపించింది."

ఏవిస్ కప్పులు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. తనకు కావలసింది ఆ ముఖమే. ఇన్నేళ్ళలో ఆమె మరేమీ అడగలేదు. రోలాండ్ ఆ రోజు నిజంగా అడిగాడా, లేక మాట మరిచిపోయి గోతిలో పడ్డవాడిలా ఏదో కొమ్మ పట్టుకున్నాడా? అది ఎవర్నీ అడిగి తెలుసుకునేది కాదు. రోలాండ్ ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడ రేడియోలో గొంతులు మార్చి బతికి, మొన్నీమధ్యే పోయాడు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు వరసలు వేశారు. అందులో "ముందు గది" పేరు కూడా లేదు. అది చదివిన రోజున తనకు ఏదో ఒకటి అనిపించాలని ఏవిస్ కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఏమీ అనిపించలేదు. వెళ్ళి బంగాళాదుంపలు చెక్కు తీసింది.

ఆ సోమవారం జరిగింది ఇది.

ఈస్టర్ వారం. బల్ల మీద ఈస్టర్ కేకు, పైన బాదం ముద్దలు వరసగా పెట్టినది. అసలైన కేకే. యుద్ధకాలపు సరుకుల రేషను ఎత్తేసి ఎంతో కాలం కాలేదు, అసలైన కేకును చూడటానికి పై అంతస్తుల్లోంచి కూడా జనం దిగి వచ్చారు. టీ మాత్రం ఎప్పుడూ అసలుది కాదు. కాల్చిన చక్కెర కలిపిన చన్నీళ్ళు. దీపాల వేడికి నటుల ముఖాల మీది రంగు కరిగేది గానీ ఆ టీ మాత్రం ఎప్పుడూ చల్లగానే ఉండేది. ఎదురుగా జనం ఉండరు. నవ్వేవాళ్ళంతా ఎక్కడో ఇళ్ళల్లో ఉంటారు, వాళ్ళ నవ్వు ఇక్కడికి వినపడదు. మాటకీ మాటకీ మధ్య కెమెరా చక్రాల కిర్రు తప్ప మరేమీ ఉండదు.

బామ్మ కేకు కోసి, ముక్క తీసుకుని బయటికి వెళ్ళింది. ఇక రోలాండ్ వంతు. విల్ఫ్‌ది గట్టి లాంకషైర్ యాస. అది రోలాండ్ పెట్టుకున్న యాస. అతనిది కార్న్‌వాల్, సముద్రం పక్క చేపల రేవు. "మ్యాడ్జూ, నిన్నొక మాట అడగాలి" అనాలి అతను. ఏవిస్ టీ పోస్తూ ఆ మాట కోసం చెవి ఒగ్గి ఉంది. పోస్తున్నప్పుడు కెమెరా కప్పు మీదుగా వస్తుంది కాబట్టి ఆమె తల ఎత్తకూడదు. ఎత్తితే నీడ పడుతుంది.

మాట రాలేదు. రావలసిన చోట ఖాళీ. ఆ తరవాత విల్ఫ్ గొంతు కాదు, రోలాండ్ సొంత గొంతు వినిపించింది, రేవులో పడవ కట్టేవాడి గొంతు.

"ఇక సోమవారాలు అయిపోయాయి. ఈ వారం దాటితే నిన్ను చూడ్డానికి నాకు సాకేముంది? నన్ను చేసుకుంటావా?"

ఏవిస్ చేతిలో టీపాట్. తల ఎత్తకూడదు. ఎర్ర దీపం వెలుగుతున్న కెమెరా కప్పు మీదుగా చూస్తోంది. ఆమె నోటి చివర సిద్ధంగా ఉన్న మాట ఒక్కటే. అదే వచ్చింది.

"టీ చల్లారిపోతోంది, విల్ఫ్."

దీపాలు ఆర్పారు. అందరూ కోటులు తొడుక్కున్నారు. రోలాండ్ కోటు తొడుక్కోకముందే దర్శకుడు పై గదిలోంచి మెట్లు దిగివచ్చాడు.

"ఏమయ్యా రోలాండ్, నీ కవిత్వం ఇంటి దగ్గర పెట్టుకో. శుక్రవారం రాసింది రాసినట్టు చెప్పు, ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఊరుకోను. అర్థమైందా?"

"అర్థమైందండీ," అన్నాడు రోలాండ్. ఏవిస్ వైపు చూశాడు గానీ మధ్యలో సామాను మోసేవాళ్ళు సోఫాను ఎత్తుకుని అడ్డం వచ్చారు. అతనికి బ్రిస్టల్ వెళ్ళే రైలు ఉంది, అక్కడ రేడియో పని. వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఏవిస్ ఒక్కటే అనుకుంది. శుక్రవారం మళ్లీ ఆ చోటు వస్తుంది. మళ్లీ టీ పోస్తూ ఉంటాను. అతను మళ్లీ సొంత గొంతుతో అడిగితే, కెమెరా ఉన్నా సరే, దేశమంతా చూస్తున్నా సరే, తల ఎత్తి, చేసుకుంటాను అని చెప్పేస్తాను. నాటకం పాడైతే పాడవనీ.

ముందే అతన్ని పక్కకు పిలిచి ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అంటే, అడిగి ఉండొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురెదురుగానే కూర్చున్నారు. అతను బన్ను తిన్నాడు. చిన్న చిన్న ముక్కలు చేసి తిన్నాడు. "సోమవారం కాస్త దారి తప్పాను, ఏమీ అనుకోకు," అన్నాడు. దారి తప్పాను అంటే అర్థమేమిటి? మాట మరిచిపోయాననా? లేక, అనకూడనిది అన్నాననా? ఏవిస్ "పరవాలేదు" అంది. అతను రెండో బన్ను ముట్టుకోలేదు. ఆమెకు ఎదురు అడిగే అలవాటు లేదు, ఆ వీధుల్లో పెరిగిన ఆడపిల్లలెవరికీ లేదు. ఉన్న అలవాటల్లా ఒకటే, నాటకంలో నేర్చినది: అవతలివాడు మాట అందించాలి, అందాక తను అనాలి. అతను అందిస్తాడని ఎదురుచూసింది.

శుక్రవారం అతను విల్ఫ్ గొంతుతో, రాసింది రాసినట్టు, అక్షరం తప్పకుండా "మ్యాడ్జూ, నిన్నొక మాట అడగాలి" అన్నాడు.

ఆమె "టీ చల్లారిపోతోంది, విల్ఫ్" అంది.

ఆమెకు గుర్తున్నది అంతే. ఆ వేసవిలోనే అతను ఓడెక్కాడు.

శనివారం ఫ్లోరీ నీలం టోపీ పెట్టుకుంది. ఏవిస్ గోధుమరంగు కోటు తొడుక్కుంది. సముద్రం మీది గాలికి బస్సు ఒక పక్కకు ఒరిగింది.

"ఎలా తెలుస్తుందే నీకు, ఏ రోజుదో?" అంది ఫ్లోరీ.

"కేకు వల్ల."

"కేకేంటి?"

"ఒకే కేకు. సోమవారం ముందు వైపు కోసింది బామ్మ. శుక్రవారానికి ఇంకో కేకు తేలేదు. అదే కేకును తిప్పి పెట్టారు, కోసిన వైపు గోడకి. బామ్మ చెయ్యి చాపి వెనకనుంచి కోసింది. కత్తి ముందు దిగితే సోమవారం. వెనక దిగితే శుక్రవారం."

"అయితే నాలుగు రోజుల పాత కేకు తిన్నదా ఆవిడ?"

"తినలేదు. బుగ్గలో పెట్టుకుని బయటికెళ్ళి ఉమ్మేసింది."

ఫ్లోరీ కిసుక్కున నవ్వింది. తరవాత అక్క చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసింది. చెయ్యి మంచుగడ్డలా ఉంది, గ్లవ్‌లోంచి కూడా తెలిసింది.

హాలు సగానికి పైగా నిండింది. తలుపు దగ్గర ఒకావిడ టీ పోసిస్తూ, ఏవిస్ చేతికి కప్పు ఇచ్చి, చుట్టూ అందరికీ వినపడేలా "వేడిగానే ఉంది తల్లీ, చల్లారనివ్వకు!" అంది. అందరూ నవ్వారు. ఏవిస్ కోటులాంటి ఆ నవ్వు నవ్వింది. మొదటి వరసలో కూర్చోబెట్టారు. ప్రెస్కట్ నాలుగు మాటలు చెప్పి, కిటికీ తెరలు లాగించి, తనే వెళ్ళి యంత్రం తిప్పాడు.

తెర మీద ముందుగా చినుకుల్లాంటి గీతలు, తరవాత గది. కుర్చీ, పొయ్యి, చిలక పంజరం. బల్ల మీద కేకు. తలుపు తీసుకుని ఒక అమ్మాయి వచ్చింది. నడుం సన్నంగా, జుట్టు గట్టిగా చుట్టి ఉంది. ఏవిస్ ఆ అమ్మాయిని చూసింది. ఎవరో పరిచయస్తుల కూతురిని చూసినట్టుంది. ఫ్లోరీ మోచేత్తో పొడిచింది. "అబ్బా, అమ్మ కాళ్ళే నీకు," అంది గుసగుసగా.

రోలాండ్ వచ్చాడు. టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, మళ్లీ తలమీదే పెట్టుకున్నాడు. హాలు నవ్వింది. వెనక వరసల్లో ఎవరో ముందే ఆ మాట అనబోతే పక్కవాళ్ళు ష్ అన్నారు. ఏవిస్ గుండె దడదడలాడాలి. ఆడలేదు. మోకాళ్ళ మీద కప్పు కదలకుండా పట్టుకుని కూర్చుంది.

బామ్మ వచ్చింది. కత్తి తీసుకుంది. చెయ్యి ముందుకు రాలేదు. కేకు మీదుగా వంగి, బాదం ముద్దలకు ముంజెయ్యి తగలకుండా, వెనకవైపు దింపింది.

శుక్రవారం.

ఫ్లోరీ అక్క వైపు వంగింది. "పోనీలే అక్కా," అంది.

ఏవిస్‌కు ఇక చూడాల్సింది లేదు. అయినా చూసింది, ఎదురుగా తెర ఉంది కాబట్టి. అక్కడ బామ్మ బుగ్గలో కేకు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి టీపాట్ ఎత్తింది. పొయ్యాల్సినప్పుడు ఎప్పట్లాగే తల దించింది. బొమ్మలో కప్పు ముందు, దాని వెనక అమ్మాయి, పక్కన విల్ఫ్. ఇద్దరూ కనిపిస్తున్నారు.

"మ్యాడ్జూ, నిన్నొక మాట అడగాలి," అన్నాడు విల్ఫ్.

అని, ఆగాడు.

ఆ ఆగడం ఏవిస్‌కు గుర్తులేదు. ఇన్నేళ్ళూ ఆ శుక్రవారాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా అది అందులో లేదు. తెర మీద ఉంది. రోలాండ్ భుజాలు మెల్లగా దిగాయి. విల్ఫ్ ఎప్పుడూ మెడలోకి కుక్కుకునే భుజాలవి. అవి దిగాక అక్కడ విల్ఫ్ లేడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నటుడి చేతులకు ఎప్పుడూ ఏదో పని ఉంటుంది, ఆ చేతులకు మాత్రం ఏ పనీ లేదు. ముఖం మసకగానే ఉంది, ప్రెస్కట్ చెప్పినట్టే. కానీ ఎటు తిరిగి ఉందో తెలుస్తోంది. కెమెరా వైపు కాదు. ఆ అమ్మాయి వైపు. చూస్తున్నాడు. రాసింది రాసినట్టు చెప్పేశాడు, ఇక చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. వదలగలిగింది చోటు ఒక్కటే. ఆ చోటు వదిలాడు. నువ్వు తల ఎత్తు, ఏదైనా అను అన్నట్టుగా. అది ఎంతసేపంటే, పక్క కుర్చీలో ముసలాయన దగ్గి, జేబురుమాలు వెతుక్కుని, దొరక్క ఊరుకునేంతసేపు.

అప్పుడు తెర మీది అమ్మాయి, తల ఎత్తకుండానే, కప్పుతోనే అన్నట్టు, గబుక్కున ఆ ఖాళీని పూడ్చేసింది.

"టీ చల్లారిపోతోంది, విల్ఫ్."

హాలు పగలబడి నవ్వింది. వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఎదురుగా ఉన్నవాడు ఆగిపోతే మాట మరిచిపోయాడనే లెక్క. అతన్ని గోతిలోంచి లాగడం పక్కవాళ్ళ ధర్మం. నాటకంలోకి వచ్చిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఏవిస్ బాగా నేర్చుకుంది. ఒక్క క్షణం కూడా అతన్ని అలా వదిలెయ్యలేదు.

తెర మీద రోలాండ్ టోపీ పెట్టుకున్నాడు. భుజాలు మళ్లీ మెడలోకి ఎక్కాయి. కప్పు తీసుకుని ఆ కాల్చిన చక్కెర నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగేశాడు. తాగాలని ఎక్కడా రాసి లేదు. ఎవరూ తాగేవారు కాదు. పేర్లు పడ్డాయి, గీతలు పడ్డాయి, తెల్లటి తెర మిగిలింది.

కిటికీ తెరలు తీశారు. ప్రెస్కట్ కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఏవిస్ గారు మన మధ్యే ఉన్నారు. అందరి తరఫునా ఒక్క కోరిక. ఏం కోరికో మీకూ తెలుసు. ఒక్కసారి, మా కోసం..." అని నవ్వి, విల్ఫ్ లాగా గొంతు సవరించుకున్నాడు. పిలిచినవాడు మంచివాడు, అతనికేం తెలుసు. "మ్యాడ్జూ, నిన్నొక మాట అడగాలి."

ఏవిస్ లేచి నిలబడింది. కప్పు ఇంకా చేతిలోనే ఉంది. హాలంతా ఆమెకేసి చూస్తోంది. మాట అందింది. బదులు మాట నోటి చివర ఉంది, ఎప్పుడూ ఉండేదే. ఆమె తల ఎత్తింది. ప్రెస్కట్ ముఖంలోకి చూసింది. నోరు తెరవలేదు.

ఎవరో కుర్చీ కదిపారు. ప్రెస్కట్ నవ్వు కొంచెం కొంచెంగా పలచబడింది. తలుపు దగ్గర టీ పోసే ఆవిడ ఇక ఉండబట్టలేక తనే అనేసింది: "టీ చల్లారిపోతోంది, విల్ఫ్!" అందరికీ ఊపిరి వచ్చినట్టయి మళ్లీ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఏవిస్ కూర్చుంది.

"ముసలితనం," అంది వెనక ఎవరో, జాలిగా. "మాట మరిచిపోయింది పాపం."

బస్సు కోసం సముద్రం వైపు నిలబడ్డారు అక్కచెల్లెళ్ళు. ఆటుకు నీళ్ళు వెనక్కి వెళ్ళి బురద మేట మైళ్ళ పొడుగునా బయటపడి ఉంది. ఫ్లోరీ టోపీని చేత్తో అదిమిపట్టుకుంది.

"మరిచిపోలేదే అతను," అంది చివరికి. "నేనే పొరబడ్డాను. ఆగాడు. శుక్రవారం కూడా ఆగాడు."

"ఆగాడు."

"నీకోసమే ఆగాడు."

"అవును."

"ఇంకోసారి వెయ్యమని అడగనా ప్రెస్కట్ గారిని? వెనక్కి వెళ్ళి?"

"ఎందుకు? అందులో ఆ అమ్మాయి ఇక తల ఎత్తదు."

బస్సు వచ్చింది. ఖాళీగా ఉంది. వెనక సీట్లో కూర్చున్నారు. కిటికీ అద్దం మీద ఉప్పు మేటవేసి బయట ఏమీ కనిపించడం లేదు. ఏవిస్ లోపల వెతుక్కుంది. ఎక్కడైనా ఏదైనా పగిలిందా, కారుతోందా అని. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు పొయ్యి ఆర్పానా లేదా అని గదులన్నీ చూసుకున్నట్టు చూసుకుంది. అన్నీ ఆర్పే ఉన్నాయి. కాలివేళ్ళు మాత్రం చలికి లాగుతున్నాయి.

"ఏడవాలనుంటే ఏడువక్కా. ఎవరూ లేరు."

"రావట్లేదే."

ఫ్లోరీ కాసేపు చూసింది. తరవాత ముక్కు చీదుకుంది, తన ముక్కే.

"దిగాక మూల కొట్లో వేడి చిప్స్ తెచ్చుకుందామా పోనీ? ఇంటికెళ్ళి ఎవరు వండుతారు."

"తెచ్చుకుందాం," అంది ఏవిస్. "వెనిగర్ బాగా వెయ్యమను. పోయినసారి ఉత్త చప్పగా ఇచ్చాడు."